ఆరోన్‌కి వస నాకించిన మర్నాడు

ఏవండీ,

ఉయ్యాల మీద తడి తువాలు ఆరేయొద్దన్నందుకు అలిగి బజారుకు వెళ్లిపోయారు. ఉద్యోగాలకు పోయే తల్లులు మనల్ని నమ్మి వదిలే పసిపిల్లలు పడుకునే చోటది. రాగానే ఉయ్యాల చీర మార్చండి. పాలసీసాలు మరిగించండి. అత్తయ్య వసకొమ్ము ఆవిడకి అందకుండా పైన పెట్టండి.

నిన్న ఆవిడ వస అరగదీసి ఆరోన్‌కి నాకించారు. సాయంత్రం దాకా కక్కుతూనే ఉన్నాడు. "నోట్లో ఏమీ పెట్టొద్దన్నాను కదా అక్కా!" అని వాళ్లమ్మ, నర్సు రేచల్ ఏడ్చింది. "మా ఇంట్లో అందరికీ వసతోనే మాటలొచ్చాయి, నర్సమ్మలకేం తెలుసు!" అన్నారు అత్తయ్య.

ఈరోజు రేచల్ రాలేదు. సెలవులన్నీ అయిపోయాయి, బిడ్డను చూసేవాళ్లు లేకపోతే ఆ పిల్ల ఉద్యోగం మానుకోవాలి. అందుకే ఇవాళ మన దగ్గర వదిలిన చాందిని కూతుర్ని చంకనేసుకుని, బతిమాలడానికి శంకర్ నగర్‌లో రేచల్ వాళ్లింటికి వెళ్తున్నాను.

నిన్న రాత్రి మీరు అన్నం తింటూ, "ఈ ఝంఝట్ మనకొద్దు, ఒకటో తారీఖు నుంచి పిల్లలు బంద్," అని తేల్చేశారు. నన్ను అడిగింది పెరుగు మాత్రమే.

వంకాయ కూర మూతపెట్టి ఉంది, కోపంతో మాడకండి.

ఇంకో మాట. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర నేను చెప్పబోయేది ముందే తెలుసుకోండి: పిల్లలు వస్తారు. అత్తయ్య జోల పాడతారు, ఆవిడ పాడితేనే ఆరోన్ పడుకుంటాడు. నోట్లో ఏం పెట్టాలో మాత్రం వాళ్ల తల్లులే చెబుతారు.