నీ మనవరాలి బుగ్గ మీద తామర

తమ్ముడు శ్యాంసనుకు మార్కాపురం నుంచి మీ అన్న రాసేది.

వందనాలు తర్వాత చెప్తాను. ముందు నీ మనవరాలు ఫెబీ బుగ్గకు పూస్తున్న ఆ ట్యూబు పెంటదిబ్బలో పారెయ్యి. ఫోనులో చెప్పబోతే పెట్టేసినావు, అందుకే రాయాల్సి వచ్చింది.

తామరకు అంతకు మించిన మందు లేదని నాకూ నువ్వే ఇచ్చినావు. పూస్తే దురద పోయింది. మానితే తొడల నుంచి నడుము దాకా పాకింది. ఛీ, నా పంచె నేనే ముట్టుకోలేకపోయినాను. గోకిన వేళ్లతో అన్నం కలపలేక చెంచాతో తిన్నాను.

చివరికి ఇక్కడి చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయినాను. పొట్టు గీకి మిషన్లో పెట్టి చూసి, "తాతా, ఇది బూజు జాతిది" అన్నది.

"బూజు పట్టడానికి నేనేమన్నా ఊరగాయనా?" అన్నాను.

నవ్వింది గానీ, ట్యూబు చూసి మండిపడింది. "ఇది దురదను నిద్రపుచ్చి బూజును మేపుతుంది. ముఖానికి పూస్తే చర్మమే పల్చబడిపోతుంది" అన్నది. మాత్రలు, వేరే పూతమందు రాసింది. దురద పోయినా తను చెప్పేదాకా ఆపొద్దన్నది. ఒకరి తువాలు ఒకరు వాడొద్దన్నది.

నలుగురూ చూస్తారని బిడ్డను బడి మాన్పించి, ముఖానికి గుడ్డ కట్టి కూర్చోబెట్టినావంట. ఏందిరా నీ పరువు? సోమవారం పిల్లను తీసుకొని కొనకనమిట్లలో బస్సెక్కు. నేను బస్టాండులో ఉంటాను.

ఆ డాక్టరమ్మది నా పెద్ద మనవరాలి వయసు. ఆమె ముందు నేను పంచె విప్పి నిలబడినాను. పిల్ల బుగ్గ చూపించడానికి నీకు సిగ్గా?