పండుగప్పకు పుంజు తోక

బంగాళాఖాతంలో, ముఖ్యంగా కొత్తపట్నం తీరం వెంబడి నివసించుచున్న సమస్త మత్స్య సోదర సోదరీమణులకు, వారి పిల్లాపాపలకు ముందుగానే చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ డైరీలో జరగబోయే రక్తపాతానికి పూర్తి బాధ్యత నాదే. మీలో ఎన్ని గుంపులు పెద్దదిక్కు లేకుండా అయిపోతాయో తలుచుకుంటే నాకే గుండె తరుక్కుపోతున్నది. అయినా తప్పదు. మాట ఇచ్చినా.

ఇట్లు,
మోహన్‌కృష్ణ, బీటెక్,
మార్కాపురం మండలం.
(సముద్రానికి నూట పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి.)

జనవరి 26, ఆదివారం

ఉదయం 8:30. జెండా వందనం అయిపోయింది. చేతిలో రెండు చాక్లెట్లు. మనసులో ఒక మహా సంకల్పం.

అదేందంటే: మాఘమాసం పోయేలోపల కొత్తపట్నం మొగ దగ్గర, అంటే వాగు సముద్రంలో కలిసే చోట, నా చేత్తో కట్టిన ఈకల ఈగతో ఒక పండుగప్పను పట్టాల. వల లేదు. వానపాము లేదు. రొయ్య ముక్క లేదు. గాలం ముల్లుకు ఈకలు, వెంట్రుకలు కట్టి చిన్న చేపలాగా నీళ్ళల్లో ఆడిస్తే పెద్ద చేప మోసపోయి మింగుతది. ఆ ఈకల కట్టే ఈగ, అంటే ఫ్లై. దీన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. యూట్యూబ్‌లో పద్నాలుగు వీడియోలు చూసినా. ఇక నేర్చుకునేదానికి ఏమీ మిగల్లేదు.

చలికాలం చివర్లో సముద్రం నెమ్మదిస్తదంట. నీళ్ళు తేరుకుంటాయంట. చేపలు ఒడ్డు దగ్గరికి వస్తాయంట. అంతా నాకోసమే ఏర్పాటు చేసినట్టుంది!

కారణం: కేథరిన్. ఒంగోల్లో నాతో బీటెక్ చదివింది. సొంతూరు కొత్తపట్నం. నిన్న ఫోన్లో సంగతి చెప్తే ముందు తనివితీరా నవ్వింది.

"మీ ఊళ్ళో బిందె నిండాలంటే ట్యాంకరు రావాలి. నువ్వు సముద్రంలో చేపలు పడతావా?"

"పడతా."

"పట్టకపోతే?"

"వాట్సాప్‌లో నా ఫొటో తీసేసి నెలరోజులు రొయ్య ఫొటో పెట్టుకుంటా."

"ఎండురొయ్య" అన్నది.

ఒప్పుకున్నా.

జనవరి 28, మంగళవారం

పార్సిల్ వచ్చింది! రాడ్డు. రీలు. దారం. ఆరు గాలం ముళ్ళున్న డబ్బీ. రెండు ప్లాస్టిక్ చేపలు, వీటినే ల్యూర్లు అంటారు. ఒకదాని కండ్లు ఎంత బాగున్నాయంటే, మా బంధువుల్లో కొందరికంటే తెలివిగా చూస్తున్నది.

మా అవ్వ వెంకటసుబ్బులమ్మ రాడ్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందిరా ఇది, టీవీకా?"

"చేపలు పట్టేది అవ్వా."

"ఎర ఏం పెడతావు?"

"ఎర ఉండదు. ఈ ప్లాస్టిక్ చేప, లేదంటే ఈకలు."

అవ్వ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "అంటే తిండి పెట్టకుండానే పిలుస్తావా? పెండ్లికని పిలిచి ఖాళీ విస్తరి వేస్తే ఎవుడన్నా కూర్చుంటాడా? చేపకు మాత్రం సిగ్గుండదా?"

పద్నాలుగు వీడియోల్లో ఎక్కడా దీనికి జవాబు లేదు.

జనవరి 30, గురువారం

ఈగ తయారీ.

వీడియోలవాళ్ళు జింక తోక వెంట్రుకలు కావాలన్నారు. జింకను ముట్టుకుంటే జైలు. అంకన్న మామ మేకపోతు గడ్డం దొరికింది. మెరుపు దారం కావాలన్నారు. అవ్వ పాత చీర జరీ దొరికింది. పుంజు ఈకలు కావాలన్నారు. ఇక్కడే ఆగాల్సి వచ్చింది.

పెరట్లో పుంజు ఉంది. డేగ రకం. ఎర్ర ఒళ్ళు, వంపు తిరిగిన నల్ల తోక. కానీ అది మామూలు కోడి కాదు, అంకమ్మ తల్లికి మొక్కిన కోడి. మా మిరప తోటలో రెండు బోర్లు వేస్తే దుమ్ము వచ్చింది. పోయినేడు మూడోది వేసేటప్పుడు, నీళ్ళు పడితే ఈ పుంజును ఇస్తానని అవ్వ మొక్కుకుంది. పడినాయి. కాబట్టి మాఘమాసం ఆఖరి ఆదివారం, ఫిబ్రవరి 23న, పుంజు ప్రయాణం.

"అవ్వా, రెండు ఈకలు తీసుకోనా?"

"రాలినవి తీసుకో. ఒంటి మీద చెయ్యి వేసినావంటే ఆ చెయ్యి ఉండదు. తల్లికిచ్చే కోడికి తోక ఉండాల. ఒకటీ అరా పోతే తల్లి చూసీ చూడనట్టు ఉంటది. మొండితోకదైతే ముట్టదు."

రాలినవి రెండు దొరికినాయి. మొదటి ఈగ తయారు! గర్వంగా మా నాయన ముందు పెట్టినా.

"చీపురు తెగిందా?" అన్నాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం

సాయంత్రం 4:30. బోరు తొట్టి దగ్గర విసరడం ప్రాక్టీసు. తొట్టి పది అడుగులు. సముద్రం కంటే కొంచెం చిన్నది.

మొదటి విసురు: వేపకొమ్మ. ముల్లు అక్కడే ఉండిపోయింది.
రెండో విసురు: మోటారు స్టార్టరు డబ్బా.
మూడో విసురు: నా చెవి.

మూడోదాని తర్వాత జ్ఞానం వచ్చి, ప్రాక్టీసు కోసం ఒక ముల్లు కొనను కట్టరుతో కత్తిరించినా.

నాలుగో విసురు: తొట్టి! నీళ్ళల్లోనే!!

ఈగను లాగుతుంటే మొక్కుబడి పుంజు ఎక్కడి నుంచో పరిగెత్తుకుంటా వచ్చి దాని మీద దూకినాడు. దొరకలేదు. తొట్టి గోడ ఎక్కి, మెడ వంచి, ఒక కన్నుతో నా పని చూస్తా నిలబడినాడు. తను మాత్రం ఏ పనీ చేయడు. అందుకని వాడికి సూపర్‌వైజరు అని పేరు పెట్టినా.

నాయన వచ్చి చూసినాడు. "ఇంత చదివించింది కోడిపుంజుకు గాలం వేసేదానికా?"

"ప్రాక్టీసు నాయనా."

"సరే. ప్రాక్టీసు అయినాక మోటారు ఆపి రా."

ఫిబ్రవరి 6, గురువారం

నా ఈగలు నీళ్ళు తగలగానే విడిపోతున్నయి. విప్పి మళ్ళీ కట్టడమే. ప్రతిసారీ కొత్త ఈకలు కావాల.

సోమవారం: రాలిన ఈక వాడినా.
మంగళవారం: రాలబోతున్న ఈక.
బుధవారం: రాలాలనే ఉద్దేశం ఉన్న ఈక.
ఈరోజు: ఏ ఉద్దేశమూ లేని ఈక.

సూపర్‌వైజరు వెనక్కి తిరిగి నన్ను చూసినాడు. గుప్పెడు సజ్జలు వేసినా. రాజీ కుదిరింది.

ఫిబ్రవరి 10, సోమవారం

అవ్వ పసిగట్టింది!

"పుంజు తోక పలచబడుతున్నది. ముంగిస వస్తున్నది."

కోళ్ళ గంప పక్కన మంచం వేసుకుని కర్ర పట్టుకుని కూర్చుంది. నాకూ ఒక కర్ర ఇచ్చింది. "కండ్లు తెరుచుకుని చూడు. కనపడితే వదలొద్దు."

మధ్యాహ్నమంతా నాకోసం నేనే కాపలా కాసినా. దొరకలేదు.

ఒట్టు: ఇక ఒక్క ఈక కూడా పెరకను. నాలుగు ఈగలు గట్టిగా కుదిరినాయి. పండుగప్ప ఒక్కటే కదా.

ఫిబ్రవరి 13, గురువారం

ఈ మూడు రోజులూ ప్రాక్టీసు లేదు. కారణాలు: గాలి. మిరప కోతలు. పగలు కరెంటు లేదు. (కరెంటుకూ గాలానికీ ఏంది సంబంధమని నాయన అడిగినాడు. ఆయనకు చెప్పినా అర్థం కాదు.) నిన్న పౌర్ణమి. పౌర్ణమి మర్నాడు చేపలకు తిండి మీద ధ్యాస ఉండదు. ఇది నేనే కనిపెట్టినా.

4:30కి సూపర్‌వైజరు మాత్రం డ్యూటీకి వచ్చినాడు. తొట్టి గోడ ఎక్కి రెండుసార్లు కూసినాడు. కిటికీలోంచి చూసినా, పోలేదు. మనసు ఎట్లనో అయింది. పకోడీలు తిన్నాక సర్దుకుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

తెల్లారి 4:30. మార్కాపురంలో మొదటి బస్సు. కండక్టరు రాడ్డును చూసి, "దీనికి హాఫ్ టికెట్టా, ఫుల్లా?" అన్నాడు. పొదిలిలో టీ. ఒంగోల్లో ఇంకో బస్సు.

8:30. సముద్రం!!! ఎన్ని నీళ్ళు! మా నాయన చూస్తే, ఈ మోటారు ఆపకుండా పోయింది ఎవుడని అడుగుతాడు.

కేథరిన్ మొగ దగ్గర నిలబడి ఉంది. "ఏంటి మోహన్, ఈ సామానంతా చేపలకి చూపించడానికా?"

"చూస్తా ఉండు."

"పాటు మొదలైంది. నీళ్ళు మొగలోంచి బయటికి లాగుతున్నాయి. చిన్న చేపలు వాటితో కొట్టుకొస్తే పెద్దవి అక్కడ కాచుకుని ఉంటాయి. అదిగో, ఆ సుడి పక్కన వెయ్యి."

"నాకు తెలుసు."

"తెలిస్తే ముందు చెప్పులు విప్పు. ఇసకలో దిగబడిపోయావు."

9:00. మొదటి ప్లాస్టిక్ చేప: పడవ లంగరు తాడుకు తగులుకుంది. అంతే.

9:15. రెండోది, తెలివైన కండ్లది: దారం తెంపుకుని సొంతంగా సముద్రంలోకి వెళ్ళిపోయింది. దాని తెలివి మీద నాకు ముందే నమ్మకం.

9:40. మొదటి ఈగ. విసిరినా. గాలి దాన్ని భద్రంగా తెచ్చి నా చొక్కా వీపుకు గుచ్చింది. కేథరిన్ విడదీస్తా, "దొరికిపోయావు. ఎన్ని కిలోలు ఉంటావు?" అన్నది. విడదీసేలోపల ముల్లు విరిగింది.

10:10. రెండో ఈగ, మూడో ఈగ: రాళ్ళ పాలు.

10:30. నాలుగోది. ఆఖరి ముల్లు. కేథరిన్ నవ్వడం ఆపేసింది. విసిరినా. సరిగ్గా సుడి పక్కన! కొంచెం లాగినా. ఆగినా. మళ్ళీ లాగినా.

దారం బిగిసింది.

మోచేతి దాకా గుంజింది! నీళ్ళ కింద వెండి పళ్ళెమంత మెరుపు ఒకటి పక్కకు తిరిగింది. "అవ్వా!" అని అరిచినా. ఎందుకో తెలియదు.

తర్వాత దారం వదులైంది. లాగి చూస్తే కొస ఖాళీ. ముల్లూ లేదు, ఈకా లేదు. డబ్బీలో కూడా ఏమీ లేవు.

రీలు చుట్టి పెట్టినా.

"చేప పడలేదు గానీ, దానికి కోడి రుచి తెలిసింది. ఇక వెతుక్కుంటా మీ ఊరి దాకా వస్తుంది చూడు" అన్నది కేథరిన్.

వాళ్ళింట్లో వాళ్ళమ్మ చేపల పులుసు పెట్టింది. ఓటమి బాధలో మూడుసార్లు అడిగి పెట్టించుకున్నా. తిరుగు బస్సులోనే ఎండురొయ్య ఫొటో పెట్టుకున్నా.

ఫిబ్రవరి 19, బుధవారం

సంకల్పం అధికారికంగా రద్దు. రాడ్డును అవ్వ దండెం కింద ఊతంగా పెట్టుకుంది. బట్టలు బాగా ఆరుతున్నయంట. అంకన్న మామ నా ఫొటో చూసి మెసేజ్ పెట్టినాడు: "కిలో ఎంత అల్లుడూ?"

4:30. సూపర్‌వైజరు డ్యూటీకి వచ్చినాడు. ఈరోజు నేనూ పోయినా. గాలం లేదు, ఈగ లేదు. ఊరికే. వాడు గోడ మీద, నేను గోడ పక్కన. నీళ్ళు చూసినాం.

ఫిబ్రవరి 21, శుక్రవారం

అవ్వ పుంజు కాళ్ళకు పసుపు పూసింది. తోక పైకెత్తి చూసింది. "పలచబడింది గానీ తోక తోకే. తల్లి ఒప్పుకుంటది."

"వేరే కోడిని ఇస్తే కాదా అవ్వా?"

"మొక్కింది దీన్ని. మాట మారిస్తే బోరు ఎట్ల నిలబడతదిరా?"

నాయన మిరప తోట వైపు చూసినాడు.

4:30కి వాడు పసుపు కాళ్ళతోనే తొట్టి దగ్గరికి వచ్చినాడు.

ఇంక రాసేదానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 22, శనివారం

ఉదయం 5:45. ఫ్లై ఫిషింగ్ రంగంలో పునఃప్రవేశం నిమిత్తం ముడిసరుకు సేకరణ జరిగినది.

7:00. అవ్వ గంప ఎత్తింది. సూపర్‌వైజరు దర్జాగా బయటికి నడిచినాడు. ముందంతా పుంజు. వెనక ఏమీ లేదు.

"ఒక్క ఈక లేదురా నాయనో!"

నాయన నా వైపు చూసినాడు. పాలు పోయించుకునేదానికి వచ్చిన అంకన్న మామ నా వైపు చూసినాడు. దండెం కింద రాడ్డు కూడా నా వైపే వంగినట్టుంది.

"మళ్ళీ చేపల పిచ్చేనా?" అన్నాడు నాయన.

"చేపల పిచ్చే."

చీపురు దెబ్బలు: రెండు. ఒకటి తగిలింది. తిట్లు: మధ్యాహ్నం భోజనానికి మాత్రమే విరామం.

ఫిబ్రవరి 23, ఆదివారం

అంకమ్మ తల్లికి టెంకాయ, బెల్లం పొంగలి. అవ్వ చేతులు జోడించి గట్టిగానే చెప్పుకుంది: "మనవడు ఎర్రోడు తల్లీ. చేపల పిచ్చోడు. తోక రానీ, పుంజును వచ్చే మాఘానికి తెచ్చిస్తా. వాని తప్పు బోరు మీద పెట్టుకోవద్దు."

అక్కడి నుంచి ఎవరూ ఇంటికి పోలేదు. అందరం తోటకు పోయినాం. నాయన స్టార్టరు నొక్కినాడు. పైపు బుస్సుమన్నది. గాలి. మళ్ళీ గాలి. గుడగుడమంటా దగ్గింది. తర్వాత నీళ్ళు, ఎప్పటిలాగే రెండు ఇంచులు! నాయన ముఖం కడుక్కుని పని మీద పోయినాడు.

4:30. తొట్టి దగ్గరికి ఈసారి అవ్వ కూడా వచ్చింది.

"ఈకల కోసం పెరికేటోడు మంచివి చూసి ఏరుకుంటాడురా. ఇది ఏరుకున్నట్టు లేదు."

నేను ఆకాశంలోకి చూసినా. మబ్బు కూడా లేదు, చూసేదానికి.

"వచ్చే మాఘానికి తోక వస్తదిలే" అన్నది.

"వస్తది అవ్వా."

"అప్పటికన్నా నీ పిచ్చి కుదురుతదా?"

"చెప్పలేను."

"కుదరకుంటే మాత్రం ఏం చేస్తాం" అని, కొంగులో ఉన్న సజ్జలు మొత్తం వాని ముందు పోసి పోయింది.

ఫిబ్రవరి 24, సోమవారం

మహా సంకల్పం, రెండో విడత!

వచ్చే మాఘమాసంలోపల, కొత్తపట్నం మొగ దగ్గర, ఈకల ఈగతో ఒక పండుగప్ప. ఈసారి రాలిన ఈకలే. ప్రాక్టీసు రేపటి నుంచి. కాదు, రేపు మంగళవారం. ఎల్లుండి శివరాత్రి. ఆ మర్నాడు అమావాస్య. శుక్రవారం నుంచి.

కేథరిన్‌కు మెసేజ్ పెట్టినా: "మళ్ళీ వస్తున్నా."

"రా. ఆ ఎండురొయ్య మాత్రం తీయకు, నీకంటే బాగుంది."

చివరగా, సముద్రంలోని సోదర సోదరీమణులకు: నా క్షమాపణ వాపసు తీసుకుంటున్నాను. మీకు నేను ఏమీ చేయలేదు.

శనివారం పొద్దున పెరికిన ఈకలు కూడా మీకోసం కాదు. ముళ్ళ డబ్బీ అంతకుముందు ఆదివారం మొగ దగ్గరే ఖాళీ అయిపోయింది. ఆ ఈకలన్నీ పార్సిల్ వచ్చిన అట్టపెట్టెలో అట్లనే ఉన్నయి. చంకలో పెట్టుకుంటే వాడు అరవకుండా కూర్చున్నాడు. ఆఖరి ఈకకు మాత్రం నా మణికట్టు మీద ఒక పోటు పొడిచినాడు. ఈ నెలంతా కలిపి నేను నిజంగా చేసిన పని అదొక్కటే.