తొడిమ తీయని కాయ

అన్నయ్యా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నీ సంవత్సరీకం అయిన మర్నాడు అమ్మని మీ ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. నువ్వు సగంలో వదిలేసి పోయిన త్రీడీ తెరని మీవాళ్ళు పూర్తిచేశారు, పనిచేస్తోంది. మన చేలోంచి నువ్వు పట్టుకెళ్ళిన ఎండుమిరపకాయ, త్రీడీ కళ్ళద్దాలేవీ పెట్టుకోకుండానే, తొడిమతో సహా గాలిలో కనిపించింది. అసలు కాయ ముక్కిపోతే పారేశారట.

"మీ అబ్బాయి చేసిన బొమ్మేనమ్మా," అన్నారు మీ సారు.

అమ్మ అలవాటు కొద్దీ తొడిమ తీయబోయింది. వేళ్ళకు ఏమీ తగల్లేదు. ఏడ్చింది. కళ్ళు తుడుచుకోమంటే కుడిచెయ్యి దూరంగా పట్టుకుని, "ఉండవే, మిరపకాయ ముట్టుకున్న చెయ్యి. మండుద్ది," అంది.

"అది వట్టి వెలుతురేనమ్మా," అన్నాను విసుగ్గా. వినలేదు.

ఇంటికొచ్చినా ఆ చెయ్యి కడుక్కోలేదు. అన్నం చెంచాతో తింది.