లచ్చి పట్టే చేతులు

డిసెంబర్ 9, మంగళవారం

స్వరూపకి అల్లుతున్న మఫ్లర్ ఈ రోజు కూడా పెద్దగా ముందుకు సాగలేదు. జానెడు అల్లేసరికి ఉండ అయిపోయింది. కొత్త ఊలు లచ్చిని, ఆ వదులు దారాల చుట్టని, కుర్చీ వీపుకి తగిలించి ఉండ చుట్టబోతే చిక్కుపడింది. గంటసేపు విప్పీ విప్పీ విసుగొచ్చి, మా ఆఫీసు పద్మ వాళ్ల పాపకి అల్లుతున్న టోపీ తీశాను. దానికీ పసుపు ఊలు అయిపోవచ్చింది. నా స్వెటర్ దసరా నుంచి సూదుల మీదే ఉంది. ఒక్కటీ పూర్తి చేయకుండా మూడు మొదలుపెట్టానని అందరూ నవ్వుతారు. ఏ రంగు ఉండ అయిపోతే ఆ పని అక్కడే ఆగుతుందని ఎవరికి చెప్పను?

నాతో ఈ గదిలో ఉన్న నాలుగేళ్లూ స్వరూపే ఎదురుగా కూర్చుని రెండు చేతులకీ లచ్చి తగిలించుకునేది. నేను చుట్టేదాన్ని. "జల్ది కానియ్యక్కా, చేతులు గుంజుతానయ్" అని సతాయించేది. కుర్చీ ఏమీ అనదు.

ఆమెకు తొర్రూరు బడికి బదిలీ అయి ఆరు నెలలు. సాయంత్రం ఫోన్ చేసింది.

"ఈ ఐతారం గూడ రావుడు కాదక్కా, పేపర్లు దిద్దేదున్నది. నా మఫ్లర్ ఎంతదాంక వచ్చింది?"

అయిపోవచ్చిందని చెప్పాను.

అసలు తప్పు నాదే. మొన్న చౌరస్తాలో ఊలు కొంటుంటే దుకాణం ఆయన చుట్టి ఉన్న ఉండలే ముందు పెట్టాడు. "ఇవే తీస్కోండ్రి మేడం. లచ్చి అయితే ఎదురుంగ పట్టేటోళ్లు ఉండాలె" అన్నాడు.

నేను లచ్చినే చూపించాను. "ఇంట్ల ఉన్నరు" అన్నాను.