వదులు పట్టా

అక్కా,

ఉత్తరం చూడగానే కంగారు పడకు. నాన్న ఒంట్లో బాగానే ఉంది. బాగా లేనిది నేనే.

చిన్నప్పుడు నాన్న మనిద్దర్నీ కిటికీ దగ్గర నిలబెట్టి, తోలుపట్టా ఒక కొస ఊచకి తగిలించి, గడ్డం గీసే కత్తి నూరడం నేర్పించాడు గుర్తుందా? పట్టా బిగువుగా లాగిపట్టాలి. కత్తిని బల్లపరుపుగా ఆనించాలి. మొద్దుగా ఉండే వీపు ముందు నడవాలి, పదునైన అంచు వెనక రావాలి. చివరికొచ్చాక వీపు మీదుగా దొర్లించి తిప్పాలి. నువ్వు ఒకసారి అంచు మీదుగా తిప్పి పట్టా కోసేసి, పిల్లి గోకిందని చెప్పావు. నాన్న ఆ పిల్లిని పిలిచి, "అమ్మా, ఈసారి వీపు మీదుగా తిప్పు" అన్నాడు. నీ ముఖం నాకింకా కళ్లకి కట్టినట్టుంది.

భుజం పట్టేసినప్పటి నుంచి నాన్న పట్టా లాగలేకపోతున్నాడు. పొద్దున్నే నేనే కత్తులన్నీ నూరి గుడ్డలో చుట్టి ఇస్తాను. ఆయన చంకన పెట్టుకుని కొట్టుకి వెళ్తాడు. ఈ మధ్య ఆయన చెయ్యి వణకడం చూశాను. పేపరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆ చేతి కింద పేపరు గలగలమంటుంది. ఆ చేత్తో ఎవరి గొంతు మీదో కత్తి పెడుతున్నాడు కదా! ఆయన్ని అడిగి చిన్నబుచ్చడం నావల్ల కాలేదక్కా.

అడగాల్సింది పోయి ఏం చేశానో తెలుసా? పట్టా వదులుగా పట్టుకుని నూరాను. కత్తి వీపు కాస్త ఎత్తి, అదిమి మరీ లాగాను. రోజూ అంతే. అంచు గుండ్రబడితే, చెయ్యి తడబడినా లోతుగా తెగదులే అనుకున్నాను. మొద్దుబారిన కత్తిని అదిమి గియ్యాల్సి వస్తుందనీ, అప్పుడే చర్మం తెగుతుందనీ నాన్న మనకి చెప్పకపోలేదు. తెలిసే చేశాను. అదే నన్ను తినేస్తోంది.

మొన్న తాళాలు బాగుచేసే ఆయనకి దవడ కింద తెగింది. పెద్ద గాయం కాదు, కానీ రక్తం ఒక పట్టాన ఆగలేదట. నాన్న ఇంటికొచ్చి కత్తుల మూట అటక మీద పెట్టేశాడు. "నా చెయ్యి పోయిందమ్మా" అన్నాడు, అంతే. అప్పట్నుంచి కొట్టు తెరవలేదు. గడ్డం పెరిగిపోయి ఎవరో కొత్త మనిషిలా కూర్చుంటున్నాడు. అన్నం పెడితే తింటాడు, లేకపోతే అడగడు. ఆయన ఎదురుగా నిలబడటానికి నాకు ముఖం చెల్లడం లేదు. నిజం చెప్పెయ్యనా? చెబితే మళ్లీ ఆ వణికే చేత్తో కత్తి పడతాడేమో. ఏం చెయ్యమంటావు?

నీ
చెల్లి

*

చిట్టీ,

నీ ఉత్తరం చదివి మిషను మీద ఉన్న జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాను. నీకు బుద్ధి ఎప్పుడొస్తుందే! కానీ జరిగింది జరిగిపోయింది. నువ్వు చేసింది తప్పే. అయినా చివరికి మంచికే వచ్చిందేమో ఆలోచించు. చెయ్యి వణుకుతున్న మనిషి ఇవాళ కాకపోతే రేపైనా కత్తి దించాల్సిందే. ఎవరికీ ప్రాణం మీదికి రాకుండా దించాడు. నోరు మూసుకుని ఊరుకో. చెప్పి నీ బరువు దించుకుందామని చూడకు, ఆ బరువు ఆయన నెత్తిన పడుతుంది. తాళాలాయన ఇంటికి మాత్రం వెళ్లి, గాయం ఎలా ఉందో అడిగి రా. మన మర్యాద మనకుండాలి.

నీ
అక్క

*

అక్కా,

నువ్వు చెప్పినట్టే తాళాలాయన దగ్గరికి వెళ్లాను. నువ్వు చెప్పినట్టు నోరు మాత్రం మూసుకోలేకపోయాను.

ఆయన గుట్టలా పోసిన తాళంచెవుల వెనక కూర్చుని ఉన్నాడు. గాయం మానిపోయింది. "నాన్నగారి చెయ్యి వణుకుతోంది, ఏమనుకోకండి" అన్నాను. తాళంచెవిని అరగదీస్తున్న ఆకురాయి ఆయన చేతిలో ఆగిపోయింది.

"చెయ్యి వణికిందని ఎవరన్నారమ్మా? ఊరికే కూర్చున్నప్పుడు వణుకుతుంది, అది నేనూ చూశాను. కత్తి పట్టాడా, ఇక కదలదు. ఆ రోజూ అంతే. కత్తే వెంట్రుకల్ని పట్టి లాగింది. చెబుదామనుకున్నా గానీ, పాపం ఆయన ముఖం చూసి ఊరుకున్నా."

నేను రోజూ ఇంట్లో పేపరు మీదున్న చేతినే చూశాను గానీ, కొట్టులో కత్తి పట్టిన చేతిని ఒక్కసారైనా వెళ్లి చూడలేదు. నాలుగడుగులు వేసి ఉంటే సరిపోయేది. మంచికే వచ్చిందన్నావే, ఏ మంచీ లేదక్కా. బాగున్న చేతిని నేనే ఆపేశాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే నాన్నకి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

"కత్తి లాగుతోందని తెలుస్తూనే ఉందమ్మా" అన్నాడు. "నువ్వు నూరిన కత్తి కదా. తప్పు నా చేతిదే అనుకున్నా."

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. నేను ఆయన చేతిని అనుమానించాను. ఆయన తన చేతిని అనుమానించుకున్నాడు గానీ నా చేతిని అనుమానించలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "వణుకుతోందా నాన్నా అని అడిగితే ఏం పోయేది?" అని మాత్రం అన్నాడు.

ఇవాళ పొద్దున్న అటక మీంచి మూట దించి నా ముందు పెట్టాడు. పట్టా ఊచకి తగిలించి, శక్తికొద్దీ బిగలాగి నూరాను. అంచు పోయిన కత్తులు కదా, ముందు సానరాయి మీదికి ఎక్కించాల్సి వచ్చింది. ఆయన ముందు వాటిలో ఒకదానితో తనకి తనే గడ్డం గీసుకున్నాడు. అద్దంలో ఆ చెయ్యి చూశానక్కా. రాయిలా నిలబడింది.

తర్వాత ఒక్కొక్క కత్తీ తీసి, ముంజేతి వెంట్రుకల మీద ఆనించి పదును చూశాడు. అన్నిటికీ వెంట్రుకలు తెగాయి. వాటిని గుడ్డలో చుట్టుకుని కొట్టుకి వెళ్లాడు. ఇన్నాళ్లూ నేనిచ్చిన మూట విప్పి పదును చూసేవాడు కాదు.

నీ
చెల్లి