కింది నుంచి పైకి రాసే అక్షరాలు

బద్వేలు,
ఆదివారం.

చి.ల.సౌ. శివజ్యోతికి,

నీ నరసింహ బోలెడంత ప్రేమతో, కొంచెం భయంతో రాస్తున్నది. ఇక్కడ నేనూ హర్షిణీ కులాసాగా ఉన్నాము. మన ప్రెస్సులో పాత ఆఫ్‌సెట్ మిషను ఒక్కటే వారం నుంచి దగ్గుతోంది, ఇంట్లో ఇంకెవరికీ జలుబు కూడా లేదు. పూణేలో నువ్వు వేళకు తింటున్నావని, ఆ చపాతీలతో ఈపాటికి రాజీ పడ్డావని తలుస్తాను.

చేత్తోనే రాయమన్నావు కాబట్టి చేత్తోనే రాస్తున్నాను. నాలుగో పేజీకి చెయ్యి అలిసి గీత ఎట్లా మారుతుందో చూసుకోవాలన్నావు. పెళ్లయిన పదహారేళ్లకు మొగుడి ఉత్తరం కోసం ఎదురుచూస్తూ, అందులో విషయం కోసం కాదు, గీతల కోసమని మొహం మీదే చెప్పిన భార్య ఈ జిల్లాలో నువ్వొక్కదానివే అయివుంటావు. కానీలే, నీ పనికి ఉపయోగపడితే అంతే చాలు.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. హర్షిణి చదువు ఎట్లా ఉంది? పంపిన అక్షరాలు మన మిషను మీద చిన్న సైజులో ఎట్లా పడ్డాయి? ఆ షీట్లు నేను తప్ప ఎవరూ చూడలేదు కదా? మూడోదాని కింద రెండు గీతలు కొట్టావు. మీ కంపెనీ చేస్తున్న కంప్యూటర్ ఆట విడుదలయ్యేదాకా, దానికోసం నువ్వు చేసిన అక్షరాల్లో ఒక్కటి బయటికి పొక్కినా ఉద్యోగం పోతుందని, ఆ తర్వాత ఈ పని ఇంకెవరూ ఇవ్వరని రాశావు. వరసగా జవాబు చెబుతాను, ఓపిక పట్టు.

హర్షిణికి లెక్కల్లో మార్కులు పర్వాలేదు, నోటికి మాత్రం నూటికి నూరు. మొన్న క్లాసులో సారు అందరి తల్లిదండ్రుల పనులూ అడిగాడంట. ఇది లేచి, "మా అమ్మ అక్షరాలు చేస్తాది సార్" అందంట. పిల్లలంతా నవ్వారు. సారు కూడా నవ్వి, "అక్షరాలు ఎప్పుడో చేసేసినారు గదమ్మా" అన్నాడంట. "అవి పాతవి సార్" అని కూర్చుందంట నీ కూతురు. ఏ అక్షరాలో, ఎవరికోసమో చెప్పలేదు, కంగారుపడకు. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నేను నవ్వలేదు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండోది. ఎనిమిది పాయింట్ల సైజులో, మామూలు కాగితం మీద, సిరా కొంచెం ఎక్కువ పెట్టి మరీ వేశాను. ముప్పై ఎనిమిది అక్షరాల్లో ముప్పై ఆరు శుభ్రంగా వచ్చాయి. ఆ కుండ మూతిలా ఉండే అక్షరం లోపలి ఖాళీ మాత్రం సిరాతో పూడుకుపోతోంది, దాన్ని వెంట్రుకవాసి వెడల్పు చెయ్యి. కొక్కెం ఉన్న అక్షరం పక్కన ఇంకో కొక్కెం పడితే రెండూ ఒరుసుకుంటున్నాయి. అంతకుమించి ఇరవై రెండేళ్లుగా అచ్చుపని చేస్తున్న నా కంటికి ఒక్క వంక కనపడలేదు. వెతికాను జ్యోతీ, నీ మీద ఏదో ఒక వంక పెట్టాలని పట్టుబట్టి వెతికాను.

నువ్వు వెళ్లేముందు మన వంటింట్లో కరెంటు బిల్లు వెనకాల మొదటి అక్షరం గీసిన రోజు నేనెంత ఎగతాళి చేశానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో కూడా నీకు తెలియలేదు. పప్పు మాడిపోయింది. "ఎవరూ మాట్లాడని భాషకు, ఎవరూ చదవని అక్షరాలకు పప్పెందుకు మాడ్చావే తల్లీ" అన్నాను. నువ్వు తల కూడా ఎత్తకుండా, "చదవరు. కానీ చూస్తారు. ఎగుడుదిగుడుగా ఉంటే ఇట్లాంటి జనం యాడా లేరని చూసిన వెంటనే తెలిసిపోతాది" అన్నావు. రెండు అక్షరాల మధ్య ఖాళీ కోసం మూడు రోజులు కూర్చున్నావు. అంతకుముందు తెలుగు ఒత్తులు వికారంగా ఉన్నాయని నువ్వే సొంతంగా నేర్చుకుని మన ప్రెస్సు కోసం కొత్త అక్షరాలు గీసినప్పుడు కూడా నాకు నీ విలువ ఇంతగా తెలియలేదు.

ఆ ఆటలో జనం నేల కింద ఊళ్లు కట్టుకుంటారని, అక్కడ ఏడేళ్లకొక వాన పడుతుందని, వాళ్లకు నీళ్లు ఎప్పుడూ కింది నుంచే వస్తాయి కాబట్టి రాత కూడా కింద మొదలై పైకి పోతుందని చెప్పావు చూడు, అప్పుడు నోరు తెరుచుకుని ఉండిపోయాను. వెయ్యడుగుల బోరు వేయించి, పైపు దగ్గర నిలబడి, తడి మట్టి వస్తుందా లేదా అని చూసిన రాయచోటి పిల్లకు తప్ప ఇంకెవరికి తడుతుంది ఆ ఆలోచన! మీ కంపెనీలో పెద్ద పెద్ద చదువుల వాళ్లు ఎంతమంది ఉన్నా ఈ ఒక్క విషయంలో నీ వెనకే నడవాలి.

ఇక మూడో ప్రశ్న. దీని చుట్టూ ఇంతసేపు తిరుగుతున్నానని నువ్వు ఎప్పుడో పసిగట్టి ఉంటావు. చూశారు జ్యోతీ. ఒకరు కాదు, చాలామంది చూశారు. తప్పు పూర్తిగా నాది.

శెనక్కాయల వ్యాపారం చేసే తిమ్మన్న కూతురు శిల్ప పెళ్లి. కార్డు మాట్లాడుకోవడానికి తిమ్మన్న ప్రెస్సుకు వచ్చాడు. పాత నమూనాలన్నీ తిరగేసి, "అన్నీ ఒకటే మాదిరి ఉండాయప్పా, ఎవురి కార్డు మీదా లేనిది కావల్ల" అన్నాడు. నేను లోపల సిరా కడుక్కుంటున్నాను. వచ్చి చూసేసరికి నీ షీటు అతని చేతిలో ఉంది. బల్ల మీద వదిలేసిన వెధవను నేనే.

"ఏమప్పా, ఇది సంస్కృతమా?"

"కాదన్నా. మా ఆమె చేసింది."

"రాసింది అను."

"రాయడం కాదన్నా, అక్షరాలనే చేసింది. అంతకుముందు ఈ భూమ్మీద లేవు."

తిమ్మన్న కాగితాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. "శానా అందంగా ఉండాయి. మా శిల్ప కార్డుకు రెండు పక్కలా ఇవే నిలబెట్టు" అన్నాడు. వద్దనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నిన్నెవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు తెలియదు, అది నా జబ్బు. ఎక్కడో పూణేలో తయారయ్యే ఆటకూ బద్వేలులో పెళ్లి కార్డుకూ ఏం సంబంధంలే అనుకున్నాను. నువ్వు పరీక్షకని ఆ అక్షరాల్లో రాసి పంపిన పాఠాన్నే రెండు నిలువు అంచులుగా పేర్చాను. ఎర్ర సిరాతో మూడు వందల కార్డులు వేశాను. అంత అందమైన కార్డు మన ప్రెస్సులో ఇంతవరకు అచ్చు కాలేదు, తిట్టే ముందు ఆ మాట మాత్రం విను.

తర్వాత నాలుగు రోజులకు నీ ఉత్తరం వచ్చింది. ఆ పాఠం బావి ఎండిపోయినప్పుడు ఆ జనం చుట్టూ కూర్చుని ఏడ్చే పాట అని అందులో రాశావు. శిల్ప పెళ్లికి రెండు పక్కలా ఏడుపు పాట అచ్చేశాను! అది చదివి నవ్వాలో, తల బాదుకోవాలో తెలియక కూర్చున్నాను. అదే సాయంత్రం హర్షిణి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. శిల్ప స్నేహితురాలు అంజలి ఆ కార్డును ఫొటో తీసి నలుగురూ చూసేచోట పెట్టింది. కింద ఎవరో "ఇది ఏ భాష?" అని అడిగారు. వెంటనే అంజలికి చెప్పి తీయించాను, కానీ అప్పటికి ఒక పగలంతా అది అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే తిమ్మన్న ఇంటికి పోయి, ఏడుపు పాటతో సహా ఉన్నదున్నట్టు చెప్పాను. కొడతాడనుకున్నాను. "మీ ఆమె ఉద్యోగం పోతాదా?" అన్నాడు. పోతుందన్నాను. "అయితే లెయ్, బండి తియ్యి" అన్నాడు. కానీ అసలు చిక్కు అక్కడే వచ్చింది. అప్పటికే నూట ఇరవై కార్డులు నాలుగు మూలలా పసుపు పెట్టి పంచేశారు. పసుపు పెట్టి ఇచ్చిన కార్డు వెనక్కి అడిగితే పెళ్లి ఆగిపోయిందనే అనుకుంటారు. తిమ్మన్నే ఆలోచించి, "ముహూర్తం తప్పు పడిందని చెప్పి కొత్తది ఇస్తాం, అప్పుడు ఎవురైనా మార్చుకుంటారు. కాకపోతే నీ ప్రెస్సు పేరు పోతాది నరసింహా" అన్నాడు. పోనీ అన్నాను. మామూలు పూల అంచుతో కార్డులు మళ్లీ వేసి, మూడు రోజులు ఊరూరూ తిరిగాము. ప్రతి గడపలోనూ, "నా తప్పేనమ్మా, నేనే ముహూర్తం తప్పు వేసినా" అని చెప్పుకున్నాను. ఇప్పటికే ఇద్దరు కార్డుల పని పక్క ప్రెస్సుకు ఇచ్చారు. నాకు బాధ లేదు. నీ పేరు పోవడం కంటే నా పేరు పోవడమే మేలు.

అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. పోరుమామిళ్ల దారిలో ఒక పల్లెలో తిమ్మన్న మేనత్త ఉంది, ఓబులమ్మ. ఎనభై దాటాయి. నా పాఠం నేను అప్పజెప్పాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"ముహూర్తం తిమ్మడు నోటితోనే చెప్పిపాయె గదప్పా. నాకు సదువు రాదు. కార్డులో తప్పుంటే నాకేమి, ఒప్పుంటే నాకేమి?"

ఆమె దగ్గర నా అబద్ధం చెల్లలేదు. అరుగు మీద కూర్చుని నిజం చెప్పాను. నా భార్య కొత్తగా అక్షరాలు చేసిందని, అవి ఇంకా లోకానికి చూపించకూడదని చెప్పాను. ఓబులమ్మ లోపలికి పోయి దేవుడి పటం పక్కనుంచి కార్డు తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. ఎర్ర అంచు మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. జ్యోతీ, నేనేమీ చెప్పలేదు, నీ మీద ఒట్టు. ఆమె వేలు కింది నుంచి మొదలై పైకి పోయింది. చదువుకున్నవాళ్లు నూటికి పైగా ఆ కార్డు చూశారు, అందరి కళ్లూ పై నుంచి కిందికే దిగాయి.

"ఇది ఎవురికీ సదవను రాదా?"

"రాదవ్వా."

"నీకు?"

"నాకూ రాదు."

"తాసిల్దారుకు? మా మనవడు ఇంజినీరు, వానికి?"

"ఎవరికీ రాదవ్వా. చేసిన ఆమెకు తప్ప."

ఆమె పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అంది: "చిన్నప్పుడు బడికి పోతానంటే మేకలెవురు కాస్తారనిరి. ముసిలిదాన్నయినాక రాత్రిబడికి రమ్మని పిలిస్తే పోతి. నా పక్కన కూకున్నోళ్లంతా నన్ను దాటుకోని పోయిరి. యాడికి పోయినా నాకంటే ముందు ఎవురో ఒకరు ఉంటారు. దీని కాడ ఎవురూ లేరు గదప్పా. ఈడ నేనూ అందురితో సమానమే. దీన్ని మాత్రం నేనియ్యను. మీ ఆమె వచ్చినప్పుడు నా పేరు ఎట్ల రాయాల్నో అడిగి రా, మొదాట నేనే నేర్చుకుంటా."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తిమ్మన్న ఏదో అనబోతే నేనే వద్దన్నాను.

నిన్ను దాచమని అడగను, నువ్వు దాచలేవు కూడా. మీ మేనేజరమ్మకు జరిగిందంతా రాసి, తప్పు నాదని సంతకం పెట్టిన కాగితం ఇందులోనే ఉంచాను, నీ చేత్తో ఆమెకు ఇవ్వు. నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు ఎనిమిది నెలలుగా కూతుర్ని వదిలి చేసిన పని నా గొప్పల పిచ్చి వల్ల చేజారితే నీ మొహం ఎట్లా చూడాలో తెలియడం లేదు. నన్ను తిట్టాలంటే ఫోన్లో తిట్టు. ఉత్తరంలో తిడితే నీ చేతిరాత చూస్తూ కూర్చుంటాను, తిట్లు తగలవు.

వెనక్కి వచ్చిన కార్డులకు పసుపు ఉంది కాబట్టి చించలేక, పంచని వాటితో కలిపి అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు వందల తొంభై తొమ్మిది ఉన్నాయి. మీ కంపెనీవాళ్లు మిగతా ఒకటి ఏమైందని అడుగుతారు. పోయిందని చెప్పొద్దు. ఓబులమ్మకు ఇచ్చామని చెప్పు.

ఇట్లు,
హర్షిణి నాన్న.