కాలర్ వెనక పేరు

తమ్ముడికి,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి, ఈ ఉత్తరం నీ లేబుళ్ల సంచిలోనే పెట్టి పంపుతున్నాను.

నేను కుట్టిన చొక్కాలకు పెద్ద కంపెనీ పేరు తగిలించి ఆన్‌లైన్‌లో అమ్మావు. "ఖాతా నీ పేరున తెరుస్తానక్కా, మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నావు. చూసుకున్నావులే! ఆ కంపెనీ లాయరు నోటీసు నా పేరుతో వచ్చింది. బ్యాంకు వాళ్లు ఖాతా ఆపేశారు. మీ బావ ముఖం గంటు పెట్టుకుని తిరుగుతున్నారు.

అదంతా ఒక ఎత్తు, నాకు మెసేజ్ పెట్టిన ఓ అమ్మాయి సంగతి ఒక ఎత్తు. ఆ కంపెనీ షాపులోనే ఉద్యోగానికి ఇంటర్వ్యూ అట. వాళ్ల బట్టలే వేసుకెళితే మెచ్చుకుంటారని మన దగ్గర చొక్కా కొనుక్కుంది, పాపం. కాలర్ తిప్పి చూసి, నకిలీదని నలుగురిలో నవ్వారట. అది చదివి నాకు తల కొట్టేసినట్టయింది.

డబ్బు తిరిగిస్తాను, చొక్కా పంపెయ్యమ్మా అని రాశాను. "కుట్టు బాగుందండీ, ఉంచుకుంటాను. ఆ పేరు చిరగకుండా ఎలా ఊడదీయాలో చెప్పండి చాలు" అంది.

చెప్పాను. మిగిలిన చొక్కాలవి నేనే ఊడదీశాను. అవే ఈ సంచిలో ఉన్నాయి.

సోమవారం ఆ లాయరు దగ్గరికి వెళ్లి, కుట్టిందెవరో, అమ్మిందెవరో ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నువ్వూ రా. రాకపోతే నీ పేరు నేనే చెబుతాను. ఈసారి మాత్రం అసలు పేరే.

మీ అక్క